వేలికొసకు తగిలిన గొంతులు

బళ్ళారి
జూన్ 9, 2024

చిన్నాయనా,

ఆ పొద్దు పరీక్షలో నేను నిజంగానే తప్పినానా?

బాగుండావా, తిన్నావా అని అడగకుండా ఇట్ల మొదలుపెట్టినందుకు ఏమీ అనుకోవద్దు. ఇరవై ఏండ్లకు పైగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. పెండ్లిళ్ళలో, దినాల్లో నువ్వు కనబడినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. అంతలో ఎవరో ఒకరు విస్తరాకులు తెమ్మని కేకేసేవాళ్ళు. ఇప్పుడు నీకు చెవులు పూర్తిగా పోయినాయి కాబట్టి ఏది అడగాలన్నా కాగితం మీదే అడగాల. కాగితం మీద ఇంత సులభమని తెలిసుంటే ఎప్పుడో అడిగేదాన్ని.

నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివేటప్పుడు అమెచ్యూర్ రేడియో లైసెన్సుకు పరీక్ష కట్టినాను. మోర్సు వినిపించాల్సిన టేపు యంత్రం ఆ రోజే మొరాయించింది. బళ్ళారి తంతి ఆఫీసులో నీ అంత బాగా కీ కొట్టేవాళ్ళు లేరని ఆ పరీక్ష పెట్టినాయన నిన్ను పిలిపించినాడు. నువ్వు కొడతావు, మేము విని రాసుకోవాల. నాకు చుక్కలూ గీతలూ నేర్పిందే నువ్వు. గౌన్లు వేసుకునే వయసు నుంచి నీ కీ చప్పుడు విని పెరిగినదాన్ని. అయినా ఆ పొద్దు ఒక్క మాట పట్టుకోలేకపోయినా. నువ్వు తలెత్తి నా దిక్కు చూడను కూడా లేదు.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, క్లబ్బులో గొడవ. లైసెన్సు నియమాలు మార్చే ఆలోచన ఉందనీ, క్లబ్బులు అభిప్రాయం రాసి పంపొచ్చనీ ఢిల్లీ నుంచి మాట వచ్చింది. కార్యదర్శిని కాబట్టి రాయాల్సింది నేను. ఇప్పుడు చిన్న లైసెన్సుకు మోర్సు అక్కర్లేదు, పెద్ద లైసెన్సుకు కావాల. పెద్దదానికీ తీసేయమని కుర్రవాళ్ళు అంటున్నారు. పెద్దవాళ్ళు చిన్నదానికీ పెట్టమంటున్నారు. నేను చిన్న లైసెన్సు దగ్గరే ఆగిపోయినదాన్ని. నా నోటి నుంచి ఏ మాట వచ్చినా అది నా సొంత బాధేమోనని నాకే అనుమానం. నువ్వేమంటావు?

కాలేజీ తెరిచినారు. సాయంత్రాలు మాత్రం అట్లే పొడుగ్గా ఉన్నాయి. ఒక్కదానికోసం పప్పు తాళింపు పెట్టాలా వద్దా అని ఆలోచించేలోపల అన్నం చల్లారిపోతుంది.

ఈ జాబు కండక్టరు గాళెప్ప చేతికి ఇస్తున్నా. సిరిగేరి బస్సుకు ఈ మధ్య అతనే వస్తున్నాడు.

రోహిణి


సిరిగేరి
జూన్ 16

పాపా రోహిణీ,

నీ జాబు గాళెప్ప తెచ్చిచ్చినాడు. ఇచ్చి ఊరికే పోక, నా చెవి కాడ నోరు పెట్టి ఏందో అరిచినాడు. వక్కాకు వాసన తప్ప నాకేమీ అందలే. తలకాయ ఊపినా. వాడు నవ్వినాడు. ఊపాల్సిన చోటే ఊపినట్లుండాది.

ఈడ కాలవకు ఇంగా నీళ్ళు ఇడ్సలే. ఊరంతా డ్యాం దిక్కు చూస్తాండారు. నా మడి ఎట్లా కెంచప్పకు పంటలో సగానికి కోరుకిచ్చినా, నాకేం పని? రేడియో ముందర కూచుంటాండా.

చెవులు పోయినాక ఎట్ల వింటాండావు అని నువ్వు ఎప్పుడూ అడగలే. నేనే చెప్తా. స్పీకరు పైన గుడ్డ పీకేసినా. లోపల గిన్నె మాదిరి కాగితం ఉంటాది కదా, దానికి రెండు వేళ్ళు ఆనిస్తా. ఎవురన్నా మోర్సు కొడితే వేలికొసకు తగులుతాది. చుక్కకు చుక్క, గీతకు గీత. మనుషులు నోటితో మాట్లాడితే మాత్రం ఉత్త అదురు. అదురుతాండాదని తెలుస్తాది, మాట తెల్దు. కోయంబత్తూరు ఆయన ఒకడు దినామూ మోర్సులో పలకరిస్తాండె. ఇప్పుడు రావడంలే. ఎందుకు రాలేదని అడగాలన్నా ఆయన వస్తే కదా అడిగేది.

మోర్సు తీసేస్తారంటనా? నా మాట అట్లే రాసుకో. చిన్నదానికి, పెద్దదానికి, అందరికీ ఉండాల. గాలి మీద పలికేవాడు ఎదుటోడు ఎట్ల పలికినా అర్థం చేసుకోవాల. గొంతు ఉండేవాళ్ళతోనే మాట్లాడతామంటే దానికి ఫోను చాలు, రేడియో ఎందుకు?

మీ క్లబ్బు పిల్ల అక్షత రెండు ఆదివారాలు నేర్చుకునేకి వచ్చింది. ఆ పిల్ల బల్ల మీద కీ కొడతాంటే నేను అదే బల్లకు అరచెయ్యి ఆనించి చూస్తాంటి. చెయ్యి మంచిదే, తొందర జాస్తి. తరువాత రాలే. మీ చిన్నమ్మ పోయినాక ఈ ఇంట్లో ఇద్దరికి కాఫీ కాచింది ఆ రెండు పొద్దులే. గట్టిగా గదిరిచ్చినానేమో. నా గొంతు ఎంత లేస్తాదో నాకే తెల్దు కదా. ఏమైందో కనుక్కో.

పరీక్ష సంగతి ఇంకోసారి రాస్తా. దానికి తీరిగ్గా కూచోవాల.

గాదిలింగప్ప


బళ్ళారి
జూలై 7

చిన్నాయనా,

పోయిన ఆదివారం మీటింగు జరిగింది. మోహన్‌కృష్ణ గారి లారీ ఆఫీసు మేడ మీద. ఆయనే కదా మా అధ్యక్షుడు. బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించినాడు. బజ్జీలు అయిపోయేదాకా అందరూ స్నేహంగానే ఉన్నారు.

నీ అభిప్రాయం నేను చదివి వినిపించినా. మోహన్‌కృష్ణ గారు బల్ల గుద్ది, "గాదిలింగప్ప చెప్పిందే కరెక్టు. మోర్సు రాకుండా రేడియో అంటే లైసెన్సు లేకుండా లారీ తోలినట్లు" అన్నాడు.

కంప్యూటరు షాపు సిద్దేశ్ ఊరుకుంటాడా? "అంకుల్, మీ డ్రైవర్లలో ఎంతమందికి లైసెన్సు ఉండాదో ముందు అది చెప్పండి" అన్నాడు. నవ్వులతో కాసేపు మీటింగు ఆగిపోయింది.

అప్పుడు అక్షత లేచింది. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగింది. ఆ పిల్లకు కోపం వస్తే తెలుగే.

"సార్, మీ కొడుకు మోర్సు నేర్చుకునేకి సిరిగేరికి పోతానంటే మీరేమంటారు?"

"పోరా అంటా. ఇంకేమంటా?"

"మా అప్ప ఏమంటాడో తెలుసా? యాడికి, ఎవురింటికి, ఆయనింట్లో ఇంకెవురుండారు, ఏ బస్సుకు వస్తావు. ఒంటరి పెద్దాయన అంటే పాపమని రెండు వారాలు పంపినాడు. తరువాత మా అత్త ఏదో అనింది. అంతే, ఆగిపోయింది. మీకు మోర్సు ఒక పరీక్ష. నాకు రెండు."

"ఫోన్లో నేర్చుకోవచ్చు కదమ్మా, యాప్ ఉండాది" అన్నారెవరో.

"ఫోను టకటకమంటాది సార్. నా చెయ్యి ఎక్కడ తప్పుతాందో అది చెప్పదు. ఆయన చెప్పినాడు."

చిన్నాయనా, నువ్వు గదిరిచ్చినందుకు కాదు ఆ పిల్ల రానిది. అది నీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నా. అక్షత మాట వింటుంటే నాకు ఇంకో సంగతి తోచింది. నాకు నువ్వు ఇంట్లోనే ఉన్నావు కాబట్టి నేర్చుకోగలిగినా. ఇంట్లో అట్లాంటి చిన్నాయన లేనివాళ్ళు ఏం చేయాల? మోర్సు తీసేయడమే న్యాయమేమో అనిపించింది. మరునాటికి మళ్ళీ అనిపించలేదు. నా సంగతి నీకు తెలుసు కదా, చీర కొనడానికి పోయి రెండు దినాలు తిరిగి టవలు కొనుక్కొని వచ్చే మనిషిని.

కాలవకు నీళ్ళు వదిలినారని పేపర్లో చూసినా. సంతోషం.

రోహిణి


సిరిగేరి
జూలై 21

రోహిణికి,

నీ జాబు రెండుసార్లు చదివినా. వాళ్ళత్త ఏమన్నదో నువ్వు రాయలే. రాయకపోయినా తెలుస్తాది. ఈ వయసులో నా ఇంటికి ఒక ఆడపిల్ల రావాలంటే ఊరు లెక్కలేసుకోవాల, అంతే కదా. ఆ మాట నాకు చేరవేసి, దాని కిందనే మోర్సు తీసేయడం న్యాయమని రాసినావు. బాగుండాది. నేను నేర్పేకి పనికిరాని మనిషిని, కాబట్టి నేర్చుకునే పనే ఉండగూడదు.

నాకు అర్థమయింది తల్లీ. నువ్వు ఆ పరీక్ష ఇంగా మరిచిపోలే. నీకు రానిది ఎవురికీ ఉండగూడదు అనుకుంటాండావు. సరే, అడిగినావు కాబట్టి చెప్తా విను.

ఆ గదిలో పరాయి పిల్లోళ్ళు శానామంది ఉండ్రి. గుంతకల్లు నుంచి, ఆదోని నుంచి వచ్చినోళ్ళు. నా చెయ్యి నీకు బాగా తెలుసు. ప్రతి మనిషికి కీ మీద ఒక నడక ఉంటాది, నడిచేటప్పుడు కాలీడ్చినట్లు. నేను గీతను కొంచెం లాగుతా. నా నడకతో కొడితే నువ్వు కండ్లు మూసుకొని రాసేస్తావు. మిగతావాళ్ళకు అది కొత్త చెయ్యి. అది అన్యాయం కాదా? అందుకని నా చెయ్యి పక్కన పెట్టినా. పుస్తకంలో ఉండేట్లు, యంత్రం మాదిరి, ఎవురి చెయ్యీ కానట్లు కొట్టినా. అట్ల కొట్టేది ఎంత కష్టమో నీకు తెల్దు. తలెత్తి నిన్ను చూస్తే నా నడక మళ్ళా వచ్చేస్తాదని చూడలే. నువ్వు తప్పినావు. వాళ్ళు శానామంది గెలిచినారు.

ఇంటికొచ్చి మీ చిన్నమ్మకు చెప్పినా, ఈ పొద్దు నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద పని చేసొచ్చినా అని. ఆయమ్మ నాకు అన్నం పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయింది. ఎందుకో ఇప్పటికీ తెల్దు.

నా పేరుతో ఏ అభిప్రాయమూ రాయొద్దు. మీకు తోచింది రాసుకోండి.

గాదిలింగప్ప


బళ్ళారి
ఆగస్టు 13

చిన్నాయనా,

నీ జాబుకు నేను జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. చిన్నమ్మ ఎందుకు మాట్లాడలేదో నీకు ఇప్పటికీ తెలియదన్నావే, ఆ మాట దగ్గర కాగితం మడిచి పెట్టేసినా.

అయినా ఇప్పుడు అదంతా వద్దు. శనివారం డ్యాం గేటు కొట్టుకుపోయినప్పటి నుంచి నీకోసమే భయం. కెంచప్ప ఫోను ఎత్తడంలేదు. సిరిగేరి నదికి దూరమే, నీళ్ళు అంతదాకా రావని బుద్ధికి తెలుసు. మనసుకు తెలియదు. నువ్వు నన్ను పిలిచినా నాకు వినపడని చోట ఉన్నావు, నేను పిలిచినా నీకు వినపడదు.

ఆదివారమంతా నేను జిల్లా డీసీ ఆఫీసు వరండాలో కూర్చున్నా, క్లబ్బు తరఫున. మోహన్‌కృష్ణ గారి మేడ మీద అక్షత, సిద్దేశ్ రేడియో దగ్గర ఉన్నారు. సిరుగుప్ప దిక్కు ఒడ్డు ఊళ్ళలో మా వాళ్ళు సెట్లు పెట్టుకొని అక్కడి సంగతులు చెప్తే, వీళ్ళు రాసుకొని నాకు ఫోన్లో చెప్పాల. నిజం చెప్పాలంటే ఫోన్లు బాగానే పనిచేసినాయి. ఆఫీసుకు అన్ని సంగతులూ మాకంటే ముందే తెలిసిపోయినాయి. ఒక గుమాస్తా వచ్చి, "మేడం, మీరు దేనికి కూర్చున్నారు?" అని మర్యాదగానే అడిగినాడు.

ఎట్లున్నావో ఒక్క ముక్క రాసి గాళెప్పకు ఇవ్వు.

రోహిణి


సిరిగేరి
ఆగస్టు 16

పాపా,

నాకేమీ కాలే. నీళ్ళు ఈ దిక్కే రాలే. డ్యాం ఖాళీ అయితే రెండో పైరు గతేందని ఊరంతా తల పట్టుకొని కూచుండారు. కెంచప్ప ఫోను యాడనో బురదలో పడేసుకున్నాడు.

నేను నీమీద కోపంతో రాసిన జాబు మరిచిపో. ఆ ఆదివారం తరువాత నాకు ఎవురి మీదా కోపం లేదు. ఎందుకో చెప్తా.

గేటు సంగతి కెంచప్ప సైగ చేసి, పలక మీద రాసి చెప్పినాడు. వెంటనే రేడియో పెట్టినా. మీ క్లబ్బు కష్టకాలానికని ఒక ఫ్రీక్వెన్సీ అనుకొని పెట్టుకున్నది నాకు తెలుసు కదా. స్పీకరు మీద వేళ్ళు ఆనిచ్చినా. అబ్బా, ఎంత అదురు! అందరూ ఆడనే ఉండారు. నేను కీ పట్టుకొని పిలిచినా. సిరిగేరి నుంచి గాదిలింగప్ప, ఉండాను, పని చెప్పండి అని. నీ పేరు కూడా కొట్టినా. రోహిణీ ఉండావా, రోహిణీ ఉండావా అని.

కొట్టి ఆపినానో లేదో, జవాబు వచ్చింది! మోర్సు కాదు, నోటి మాటే. నాకు అర్థం కాలే. కానీ నేను ఆపిన ప్రతిసారీ వెంటనే అదిరింది. అంటే నాకే కదా చెప్తాండేది? ఒకటి లావు గొంతు, స్పీకరు కాగితం చినిగిపోతాదేమో అన్నట్లు. ఇంకొకటి సన్నంది. వేలికొసలో చక్కిలిగిలి పెట్టినట్లు, శానాసేపు, మళ్ళీ మళ్ళీ. అది నువ్వే అనుకున్నా. నువ్వేనా?

మోర్సులో చెప్పండి, నాకు చెవులు లేవు అని కొట్టినా. అయినా నోటితోనే మాట్లాడినారు. పోనీలే, వాళ్ళకు రాదు కదా. పొద్దు తిరిగేదాకా అట్లే నేను పలకడం, వాళ్ళు పలకడం. నాతో ఒక్క దినంలో అంతసేపు మనుషులు మాట్లాడి ఎన్నేండ్లయిందో. చెయ్యి నొప్పి పుట్టింది. లేచి సంగటి చేసుకొని తిన్నా.

వాళ్ళు ఏమేం చెప్పినారో అడిగి రాయి. ఎవురెవురు మాట్లాడినారో పేర్లతో రాయి.

చిన్నాయన


బళ్ళారి
ఆగస్టు 26

చిన్నాయనా,

నువ్వు క్షేమంగా ఉన్నావు, అంతే చాలు. నిన్న మీటింగు అయింది. మోర్సు మీద ఓట్లు సగం సగం వచ్చినాయి. తేలక, "మోర్సు నేర్చుకున్నదీ రోహిణి మేడమే, తప్పినదీ ఆమే, ఆమె ఏది రాస్తే అదే" అని నా నెత్తిన పెట్టినారు.

నువ్వు అడిగిన సంగతి కనుక్కొని రాస్తా. కాలేజీలో పేపర్లు దిద్దే పని ఎక్కువగా ఉంది.

రోహిణి


సిరిగేరి
సెప్టెంబరు 3

పాపా,

ఇంత చిన్న జాబు నువ్వు ఎప్పుడూ రాయలే. ఒళ్ళు బాగుండాదా?

నేనొక నిర్ణయం చేసినా. పదిహేనో తారీకు మీ మీటింగుకు నేనే వస్తాండా. గాళెప్ప బస్సుకే. ఆ పొద్దు నాతో మాట్లాడినోళ్ళను కండ్లారా చూడాల. పోయినేడు సోనా బియ్యం మూట ఒకటి ఇంట్లో ఉండాది, తలా ఇంత పంచుతా. ముఖాలు చూస్తే లావు గొంతు ఎవురిదో, సన్న గొంతు ఎవురిదో నేనే చెప్తా చూడు. పందెం.

ఇంకొకటి. నువ్వు మోర్సు తీసేయమని రాసినా నాకు బాధ లేదు. రాకపోయినా ఆ పిల్లోళ్ళు అంతసేపు నాకు జవాబు చెప్పినారు కదా. అట్లాంటోళ్ళకు లైసెన్సు ఇయ్యకపోతే ఎవురికిస్తారు?

నా తెల్ల పంచె ఇస్త్రీకి వేసినా.

చిన్నాయన


బళ్ళారి
సెప్టెంబరు 9

చిన్నాయనా,

పంచె ఇస్త్రీకి వేసినావని చదివినాక ఇంక దాచలేకపోతున్నా. నువ్వు వచ్చే ముందే నీకు తెలియాల. తెలిసినాక వస్తావో రావో నీ ఇష్టం.

ఆగస్టు మీటింగులో సిద్దేశ్ తన ఫోన్లో ఒక రికార్డింగు వినిపించినాడు. "గేటు పోయిన దినం మన ఫ్రీక్వెన్సీ మీద ఎవడో సుమ్నే తమాషాకు టకటకమని కొట్టి పని చెడగొట్టినాడు. వినండి, ఇదే మోర్సు అంటే. దీనికా పరీక్ష కావాల్సింది?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వబోయినా. రెండో గీత దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఆ గీత సాగింది, చిన్నాయనా. కాలీడ్చినట్లు. ఆ తర్వాత నేను వినలేదు, చదివినా. ఒక్క అక్షరం పోలేదు. సిరిగేరి. గాదిలింగప్ప. ఉండాను. పని చెప్పండి. రోహిణీ ఉండావా.

నువ్వు ఆపిన ప్రతిచోటా ఆ రికార్డింగులో మాటలు ఉన్నాయి. లావు గొంతు సిద్దేశ్‌ది. "యావనో అవను? ఎవడ్రా వాడు? ఆపప్పా! పని చేసుకోనీవా? తలకాయ నొప్పి!" అని. ఇంకా కొన్ని ఉన్నాయి, రాయను. సన్న గొంతు నాది కాదు. నేను అక్కడ లేను. అది అక్షత. ఒడ్డు ఊళ్ళో ఒక ముసలామె ఇంట్లోంచి కదలనంటోంది, మనుషుల్ని పంపండి అని అవతలివాళ్ళు చెప్తుంటే నీ చప్పుడులో ఊరి పేరు ఆ పిల్లకు అందలేదు. "ఎవరైనా సరే, దయచేసి ఆపండి, కాలు మొక్కుతా ఆపండి" అని మళ్ళీ మళ్ళీ బతిమాలింది. నీ వేలికొసకు తగిలింది అదే. ముసలామెకు ఏమీ కాలేదు, ఎవరో ఫోన్లో చెప్పి తీసుకుపోయినారు. ఆ ఒక్కటీ ముందే రాయాల్సింది, వరుస తప్పినా.

మోహన్‌కృష్ణ గారు ఆ మనిషి ఎవరో కనిపెట్టి లైసెన్సు తీసేయమని పైకి ఫిర్యాదు రాయమన్నాడు. రాయాల్సింది నేనే. మీటింగులో నోరు తెరిచి, అది మా చిన్నాయన అని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను అడగొద్దు. ఫిర్యాదు మాత్రం రాయలేదు, రాయను.

మెట్లు దిగుతుంటే అక్షత నా వెనకే వచ్చింది. "మేడం, మీ పెదవులు కదులుతాండె. దాంట్లో ఏమని ఉండాది?" అని అడిగింది. చెప్పినా. మెట్ల మీదే కూర్చుండిపోయింది. "సార్‌కు నేను ఆపమంటాండానని తెలుసా?" అంది. నువ్వు అది జవాబు అనుకున్నావని, సంతోషపడినావని చెప్పినా. "అయితే చెప్పొద్దు మేడం. అట్లే ఉండనీ" అంది. మళ్ళీ తానే, "నాకు ఆ ముసలామె ఊరి పేరే కావల్సిండె మేడం. నాదేం తప్పుండాది?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. లేదు కూడా.

నేను కూడా నీకు చెప్పొద్దనే అనుకున్నా. ఆ చిన్న జాబు అందుకే. కానీ సిద్దేశ్ ఆ రికార్డింగును తన ఫోనుకు రింగుటోను పెట్టుకున్నాడు, తమాషాకు. నువ్వు బియ్యం మూట తీసుకొని వస్తావు, అతని ఫోను మోగుతుంది, అందరూ నవ్వుతారు. నీకు వినపడదు. వాళ్ళు నవ్వుతున్నారని నువ్వూ నవ్వుతావు. అది చూస్తూ ఆ గదిలో నిలబడటం నా వల్ల కాదు. నీకోసం చెప్తున్నానా, నాకోసం చెప్తున్నానా అంటే, రెండోదే ఎక్కువేమో.

అభిప్రాయం పంపడానికి గడువు వచ్చే శుక్రవారం. కాగితమంతా టైపు చేసి పెట్టినా. పరీక్షలు జిల్లా ఊళ్ళలోనే పెట్టాలని, పోలీసు విచారణ పేరుతో దరఖాస్తులు నెలల తరబడి ఆపకూడదని రాసినా. అవి రాయడానికి చెయ్యి ఆగలేదు. మోర్సు దగ్గర మాత్రం ఒక పేరా ఖాళీగా ఉంది.

నువ్వు చెప్పినట్టు అందరికీ మోర్సు తప్పనిసరి అయ్యుంటే, ఆ ఆదివారం నీకు అర్థమయ్యేట్టు ఎవరో ఒకరు జవాబిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆపు చిన్నాయనా, తర్వాత పిలుస్తాం అని ఒక్క మాట కొట్టినా నువ్వు ఆపేవాడివి. కానీ మోర్సు తప్పనిసరి అయ్యుంటే ఆ గదిలో అక్షత ఉండేది కాదు. ఈ కాగితం రాయడానికి నేనూ ఉండేదాన్ని కాదు. పోనీ, తీసేయమందామంటే, ఇంకో పదేండ్లకు నీలాంటి మనిషి స్పీకరుకు వేళ్ళు ఆనించుకొని కూర్చుంటే ఆ వేలికొసకు ఎవరు తగులుతారు?

ఉండాలని రాస్తే అది న్యాయమో, నీమీద జాలో నాకు తెలియడంలేదు. తీసేయాలని రాస్తే అది న్యాయమో, నీమీద కోపమో, అదీ తెలియడంలేదు. శుక్రవారం లోపల తెలుస్తుందని నమ్మకం కూడా లేదు.

రోహిణి